అంగుళం గుర్తు మింగిన పైపులు

హాలియా సెంటరుకు దగ్గర్లో పైపులూ మోటార్లూ అమ్మే కొట్టు ఒకటి ఉండేది. సాగర్ ఎడమ కాలువ నీళ్ళందే మాగాణి ఒక పక్క, కాలువ నీళ్ళెక్కని మెట్ట మరో పక్క. అందుకని బోర్లకు, మోటార్లకు, పైపులకు ఏడాది పొడుగునా బేరం ఉంటుంది. పదిహేనేళ్ళ పైమాట ఇది. చదువు ముగించుకొని ఇంటి దగ్గర ఉన్న రోజుల్లో ఆ కొట్టు సేటుకు సరుకు లెక్క చూసుకునే ప్రోగ్రామ్ రాసిచ్చాను. కొట్లో ఒక కంప్యూటరు, గోదాములో ఒకటి. రెంటిలో దేంట్లో బ్రౌజర్ తెరిచినా ఏ సరుకు ఎంత ఉంది, ధర ఎంత అన్నది కనిపించేది. ఏదైనా సవరించాలంటే పక్కనున్న ‘మార్చు’ అన్న లింకు నొక్కితే చిన్న ఫారం వచ్చేది.

నెల తిరక్కముందే సేటు ఫోన్ చేశాడు.

“తమ్మీ, పైపులు ఏడబోయినయ్? సరుకు గోదాముల ఉన్నది, లెక్కల లేదు.”

వెళ్ళి చూశాను. పైపులు ఉండాల్సిన వరుసల్లో పేర్లు లేవు. ఒక చోట 4, ఒక చోట 3, ఇంకో చోట 2. అంకె ఒక్కటే మిగిలింది. మోటార్ల పేర్లు, వైరు పేర్లు, స్టార్టర్ల పేర్లు అన్నీ క్షేమంగా ఉన్నాయి. పైపులకే ఎందుకిలా జరిగిందో అర్థం కావడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

నాలుగంగుళాల పైపును అందరూ ఎలా రాస్తారో గుమాస్తా కూడా అలాగే రాశాడు: 4" పీవీసీ పైపు. అంకె పక్కన ఆ రెండు చిన్న గీతలే అంగుళం గుర్తు. కీబోర్డు మీద అంగుళం గుర్తుకూ, కొటేషన్ గుర్తుకూ ఉన్నది ఒకటే మీట.

బ్రౌజర్‌కు ‘ఇక్కడొక పెట్టె చూపించు, అందులో ఈ మాట పెట్టు’ అని చెప్పే ట్యాగులో ఆ మాటను రెండు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. నా ప్రోగ్రామ్ ఆ ట్యాగును ముక్కలు ముక్కలుగా అతికించేది. ముందు ట్యాగు మొదటి సగం, ఒక కొటేషన్ గుర్తు, డేటాబేసులో ఉన్న పేరు, మళ్ళీ కొటేషన్ గుర్తు, చివర మూసే బ్రాకెట్టు. పేరులోనే ఒక కొటేషన్ గుర్తు వస్తే ఏమవుతుందన్నది నాకు తట్టలేదు. బ్రౌజర్ 4 చదివింది, వెంటనే కొటేషన్ గుర్తు చూసింది, మాట అయిపోయిందనుకుంది. మిగిలిన ‘పీవీసీ పైపు’ను ట్యాగు తాలూకు ఏవో తెలియని లక్షణాలుగా లెక్కగట్టి పక్కన పెట్టింది. పెట్టెలో మిగిలింది 4 ఒక్కటే. గుమాస్తా ధర మాత్రం మార్చి ‘సేవ్’ నొక్కాడు. పెట్టెలో ఏముంటే అదే డేటాబేసులోకి వెళ్ళింది. జాబితా చూసినప్పుడు బాగానే ఉండేది. ఫారం తెరిచి సేవ్ చేసిన ప్రతిసారీ ఒక పైపు పేరు పోయేది. ధర మారిన పైపులన్నీ అలా పోయాయి.

తప్పు పూర్తిగా నాది. ఆ తప్పు వెనకాల పెద్ద కథ ఉందని, ప్రపంచంలో చాలామంది ఆ గుంటలోనే పడి లేచారని మాత్రం తర్వాత తెలిసింది. ట్యాగును మనిషి చేత్తో అతికించడం మాని, ప్రోగ్రామే దాన్ని పద్ధతిగా పుట్టించేలా చేయడానికి ఎంత దూరం నడవాల్సి వచ్చిందో చెప్పే కథ అది.

గుర్తు వేరు, మాట వేరు

ట్యాగు అంటే గుర్తు. అచ్చాఫీసుల్లో ఈ పని ఎప్పటినుంచో ఉన్నదే. రాతప్రతి అంచున ఎడిటరు ‘ఇది శీర్షిక’, ‘ఇది లావు అక్షరం’ అని గుర్తులు పెట్టి కంపోజింగుకు పంపేవాడు. కంపోజిటరు ఆ గుర్తు చెప్పినట్టు చేస్తాడు గానీ, గుర్తునే అచ్చు వేయడు. రచయిత రాసిన మాట ఏది, మాట మీద పెట్టిన గుర్తు ఏది అన్న తేడా అతని కంటికి తెలుసు. సిరా రంగు, రాసిన చోటు, చేతిరాత అన్నీ ఆ తేడాను చెబుతాయి.

1969లో ఐబీఎం కంపెనీలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అనే ముగ్గురు ఈ గుర్తులను కంప్యూటరుకు నేర్పారు. గోల్డ్‌ఫార్బ్ వృత్తిరీత్యా లాయరు. లాయర్ల ఆఫీసుల్లోని కాగితాలను కంప్యూటర్లో దాచి, వెతికి, మళ్ళీ అచ్చుకు పంపే ఏర్పాటు మీద పని చేస్తుండగా వాళ్ళకు ఈ అవసరం వచ్చింది. వాళ్ళు చేసిన భాష పేరు జీఎంఎల్. ఆ మూడక్షరాలూ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలే. దాన్ని పెంచి 1986లో ఎస్‌జీఎంఎల్ అన్న పేరుతో అంతర్జాతీయ ప్రమాణం చేశారు.

కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి కంపోజిటరుకున్న సౌకర్యం పోయింది. ఇక్కడ సిరా రంగుల్లేవు, అంచు లేదు. మాటా అక్షరాలే, గుర్తూ అక్షరాలే, రెండూ ఒకే వరుసలో నడుస్తాయి. కోణాకార బ్రాకెట్టు < కనబడితే గుర్తు మొదలైందని, > కనబడితే ముగిసిందని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మరి రచయితకే ఆ బ్రాకెట్టు రాయాల్సిన అవసరం వస్తే? దానికి మారుపేరు ఒకటి ఇచ్చారు. & గుర్తు వేసి, ఎల్, టీ అక్షరాలు రాసి, సెమీకోలన్ పెడితే అది గుర్తు కాదు, మాటలో భాగమైన బ్రాకెట్టు అని అర్థం. కొటేషన్ గుర్తుకూ అలాంటి మారుపేరే ఉంది. నా పైపుల మందు అందులోనే ఉంది. వేయాల్సిన చోట నేను వేయలేదు.

సెర్న్ పరిశోధన కేంద్రంలో ఎస్‌జీఎంఎల్ కుటుంబానికి చెందిన భాష ఒకటి అప్పటికే వాడుకలో ఉంది. అక్కడ పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో వెబ్ ప్రతిపాదన రాశారు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ గురించి 1991 చివర్లో ఆయన వెలువరించిన పత్రంలో ఉన్నవి 18 ట్యాగులు. పేరాకు పి, శీర్షికలకు హెచ్1 మొదలుకొని హెచ్6 దాకా, జాబితాలకు మరికొన్ని. వీటిలో చాలావరకు సెర్న్‌లో వాడుకలో ఉన్నవే. లింకు కోసం పెట్టిన ‘ఏ’ ట్యాగు మాత్రం ఆయన సొంతం. ఆయన చేసిన మొట్టమొదటి బ్రౌజర్‌లోనే పేజీలు రాసుకునే ఎడిటర్ కూడా ఉంది. ట్యాగులు తెర వెనక ఉండే సంగతి, వాటిని మామూలు జనం చూడాల్సిన పని రాదని ఆయన తలచారు. కానీ తర్వాత జనంలోకి వెళ్ళిన బ్రౌజర్లు చదవడానికే తప్ప రాయడానికి పనికొచ్చేవి కావు. దాంతో ప్రపంచమంతా ట్యాగులను చేత్తో రాయడం మొదలుపెట్టింది.

రోజూ మారే పేజీ

ఒకసారి రాసి పెట్టే పేజీకి చేతిరాత సరిపోతుంది. మిర్యాలగూడ మిల్లులో ఈ పూట వడ్ల ధర ఎంతో చూపించాలంటే సరిపోదు. ధర పూటపూటకూ మారుతుంది, మారినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చొని పేజీ తిరగరాయలేరు. చూసేవాడు అడిగిన క్షణంలో పేజీ పుట్టాలి.

1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఎన్‌సీఎస్‌ఏ కేంద్రం వాళ్ళు ఆ దారి వేశారు. వాళ్ళ సర్వర్‌కు పేజీ కోసం అడిగితే, దాచిపెట్టిన ఫైలు ఇవ్వడానికి బదులు ఒక ప్రోగ్రామ్‌ను నడిపి, అది ఏం రాస్తే దాన్నే పేజీగా పంపుతుంది. ఈ ఏర్పాటుకు సీజీఐ అని పేరు. ఆ ప్రోగ్రాములు ఎక్కువగా పెర్ల్ భాషలో ఉండేవి. ‘ఈ ట్యాగు ముద్రించు, ఈ ధర ముద్రించు, మూసే ట్యాగు ముద్రించు’ అంటూ వరుసపెట్టి ఆజ్ఞలు. నేను హాలియాలో చేసింది అదే పని, పదిహేనేళ్ళు ఆలస్యంగా.

ఆ పద్ధతిలో రెండు కష్టాలున్నాయి. మొదటిది, తెరిచిన ట్యాగును మూయడం మరిచిపోవడం. కాలువ ఆయకట్టులో బతికిన వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కాలువలోంచి మేజరు, మేజరులోంచి మైనరు, మైనరుకు తూము, తూము నుంచి పొలానికి బోదె. ట్యాగుల అమరిక కూడా అలా ఒకదానిలోంచి ఒకటి పుట్టేదే. ఎక్కడో ఒక తూము మూయకపోతే నీళ్ళు కింద మడులన్నీ ముంచుతాయి. లావు అక్షరాల ట్యాగు ఒకటి మూయకపోతే కింద పేజీ అంతా లావెక్కుతుంది. రెండో కష్టం నా పైపుల కష్టం. లోపల పెట్టే మాటలో గుర్తులాంటి అక్షరం వస్తే పేజీ విరిగిపోతుంది.

ఈ రెంటికీ మొదట్లోనే మందు కనిపెట్టిన వాళ్ళలో లింకన్ స్టైన్ ఒకరు. ఆయన డాక్టరు, జన్యుశాస్త్రంలో పనిచేసేవారు. మానవ జన్యుపటం తయారీలో బోలెడంత సమాచారాన్ని వెబ్‌లో చూపించాల్సిన అవసరం ఆయనకు ఉండేది. 1995లో పెర్ల్ కోసం సీజీఐ.పీఎం అనే సాధనం రాశారు. దానిలో ఒక్కో ట్యాగుకు ఒక్కో ఫంక్షన్ ఉంటుంది. హెచ్1 అనే ఫంక్షన్‌కు మాట ఒక్కటి ఇస్తే, తెరిచే ట్యాగునూ మూసే ట్యాగునూ అదే పెట్టుకొని తిరిగి ఇస్తుంది. మనిషి బ్రాకెట్టు కొట్టే పనే లేదు, మూయడం మరిచే అవకాశమే లేదు. ఫారం పెట్టెల దగ్గర ఇంకో అడుగు ముందుకేసి, లోపలి విలువలోని కొటేషన్ గుర్తులను తనే మారుపేర్లలోకి మార్చేది. ఆ సాధనం 1997లో పెర్ల్‌తోపాటే వచ్చేలా అందులో చేరింది. 2015లో దాన్ని తీసేసేనాటికి దాని పని వేరే సాధనాలు అందుకున్నాయి. నా పైపు పేరు ఆ ఫంక్షన్ గుండా వెళ్ళి ఉంటే పోయేది కాదు.

అదే 1995 జూన్‌లో రాస్మస్ లెర్డార్ఫ్ పీహెచ్‌పీని బయటపెట్టారు. అది ఈ పద్ధతిని తిరగేసింది. ప్రోగ్రామ్‌లో ట్యాగులు రాయడానికి బదులు ట్యాగుల మధ్యలో ప్రోగ్రామ్ రాయవచ్చు. చూడటానికి పేజీ పేజీలాగే ఉంటుంది, ధర రావాల్సిన చోట చిన్న ఆజ్ఞ ఉంటుంది. నేర్చుకోవడం సులువు. ఊరూరా కుర్రాళ్ళు దాన్నే నేర్చుకున్నారు, నేనూ దానితోనే మొదలుపెట్టాను. మాటను శుభ్రం చేసే ఫంక్షన్ అందులోనూ ఉంది. కాకపోతే దాన్ని ప్రతిచోటా గుర్తుపెట్టుకొని పిలవాలి. వంద చోట్ల పిలిచి నూటొకటో చోట మరిస్తే, ఆ ఒక్క చోట తలుపు తెరిచి ఉన్నట్టే.

మాట ఆజ్ఞగా మారితే

నా కొట్టులో పోయినవి పైపుల పేర్లే. బయట ప్రపంచంలో అంతకంటే పెద్దవి పోయాయి.

బ్రౌజర్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్‌ను కూడా పేజీలో స్క్రిప్ట్ అనే ట్యాగుతోనే పెడతారు. సందర్శకుడు తన పేరు రాయమన్న చోట పేరుకు బదులు స్క్రిప్ట్ ట్యాగు రాశాడనుకోండి. సర్వర్ దాన్ని పేరనుకొని అలాగే పేజీలో అతికిస్తుంది. ఆ పేజీ చూసిన ప్రతివాళ్ళ బ్రౌజర్‌లో అది ఆజ్ఞగా నడుస్తుంది. 2000 ఫిబ్రవరి 2న అమెరికాలో కంప్యూటర్ల భద్రత చూసే సెర్ట్ సంస్థ ఈ ప్రమాదం గురించి హెచ్చరిక వెలువరించింది. ఈ రకం దాడికి క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అన్న పేరు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే.

అయిదేళ్ళకు, 2005 అక్టోబరులో మైస్పేస్ అనే సామాజిక వేదికలో అది అందరి కళ్ళ ముందూ జరిగింది. సామీ కామ్‌కార్ అనే కుర్రాడికి అప్పుడు 19 ఏళ్ళు. తన పరిచయ పేజీలో ఒక స్క్రిప్టు దాచాడు. ఆ పేజీ చూసిన వాళ్ళంతా వాళ్ళకు తెలియకుండానే అతన్ని స్నేహితుడిగా చేర్చుకునేవారు. అంతేకాదు, ఆ స్క్రిప్టు వాళ్ళ పేజీలోకీ నకలైపోయేది. వాళ్ళ పేజీ చూసినవాళ్ళకూ అదే గతి. 20 గంటల్లో పది లక్షల మందికి పైగా అంటుకుంది. వేదికను కాసేపు మూసి శుభ్రం చేసుకోవాల్సి వచ్చింది.

ఆ వేదిక వాళ్ళు స్క్రిప్ట్ ట్యాగును రానివ్వకుండా అడ్డుకట్టలు కట్టుకున్నారు. అయినా ఎక్కడో ఒక సందు మిగిలింది. చెడ్డ మాటలను ఏరి పారేయాలంటే అన్ని చెడ్డ మాటలూ ముందే తెలిసి ఉండాలి. వచ్చిన మాట ఏదైనా సరే దాన్ని మాటగానే ఉంచి, గుర్తు కానివ్వకుండా చూస్తే ఆ బెడద ఉండదు. రెండో దారిని అప్పుడే కొత్తగా పుడుతున్న ఫ్రేమ్‌వర్కులు పట్టుకున్నాయి.

ఒక ట్యాగు పుట్టే తీరు

ఫ్రేమ్‌వర్కు అంటే ఇల్లు కట్టేవాడికి ముందే పోసిపెట్టిన పిల్లర్లూ స్లాబూ లాంటిది. ప్రతి వెబ్ ప్రోగ్రామ్‌కూ కావలసిన పనులు అందులో ముందే చేసి ఉంటాయి. 2004 జులైలో డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ రూబీ ఆన్ రెయిల్స్‌ను విడుదల చేశారు. 2005 జులైలో జాంగో వచ్చింది. అది అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఒక చిన్న పట్నం దినపత్రిక ఆఫీసులో, ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరి చేతుల్లో రూపు దిద్దుకుంది. గంటల గడువులో పేజీలు నిలబెట్టాల్సిన చోట పుట్టింది కనుక దానికి వేగం అబ్బింది. 2009లో మైక్రోసాఫ్ట్ తన ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీలో ట్యాగ్ బిల్డర్ అనే పనిముట్టునే పెట్టింది.

ట్యాగు పుట్టించే ఫంక్షన్ పనితీరు ఎక్కడైనా దాదాపు ఒకటే. దగ్గర్నుంచి చూద్దాం. దానికి మూడు సంగతులు ఇస్తాం: ట్యాగు పేరు, దాని లక్షణాల జాబితా, లోపల ఉండాల్సిన మాట. అది ముందు < వేసి పేరు రాస్తుంది. తర్వాత ఒక్కో లక్షణం పేరూ, సమానం గుర్తూ, కొటేషన్ గుర్తూ రాసి, విలువను శుభ్రం చేసి లోపల పెట్టి, కొటేషన్ మూస్తుంది. అన్నీ అయ్యాక > వేస్తుంది. బొమ్మ, ఫారం పెట్టె లాంటి ట్యాగులకు లోపల మాట ఉండదు, మూసే ట్యాగూ ఉండదు. ఆ జాబితా దానికి కంఠతా వచ్చు కనుక అక్కడితో ఆగుతుంది. మిగతావాటికి లోపలి మాటనూ శుభ్రం చేసి పెట్టి, చివర మూసే ట్యాగు వేస్తుంది.

శుభ్రం చేయడమంటే అయిదు అక్షరాలను మారుపేర్లలోకి మార్చడం: &, <, >, జంట కొటేషన్, ఒంటి కొటేషన్. ఒక్కొక్కటిగా మార్చేటప్పుడు వరుస తప్పకూడదు. ముందు & మార్చాలి, తర్వాతే మిగతావి. ఎందుకంటే మారుపేర్లన్నీ & తోనే మొదలవుతాయి. దాన్ని చివర్లో మారిస్తే మనం అప్పుడే వేసిన మారుపేర్లను మనమే మళ్ళీ మార్చేసుకుంటాం.

ఈ తప్పు రుచి నాకు తెలుగు చూపించింది. పైపుల గొడవ బయటపడ్డాక ఆ రాత్రే కూర్చొని ప్రతి మాటనూ శుభ్రం చేసే ఏర్పాటు చేశాను. పైపులు నిలబడ్డాయి. మర్నాడు సేటు మళ్ళీ పిలిచాడు. “గిదేంది తమ్మీ, ఊరి పేరు కొడితే నంబర్లు వస్తున్నయ్.” చూస్తే హాలియా అని ఉండాల్సిన చోట &#3129;&#3134;&#3122; అంటూ అంకెల వరుస ఉంది. 3129 అంటే యూనికోడ్‌లో ‘హ’ సంఖ్య. 3134 దాని దీర్ఘం, 3122 ‘ల’. నా పేజీ యూనికోడ్‌లో ఉన్నదని బ్రౌజర్‌కు నేను చెప్పలేదు. ఇంగ్లీషు పేజీ అనుకొని, అందులో పట్టని తెలుగు అక్షరాలను బ్రౌజరే అంకెల్లోకి మార్చి పంపుతోంది. అంతకుముందు ఆ అంకెలు అలాగే పేజీలోకి వెళ్ళి తెలుగుగా కనబడేవి. ఇప్పుడు నేను & ను శుభ్రం చేయడంతో అంకెలు అంకెలుగా మిగిలాయి. పేజీ యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్‌లో, ఉందని ఒక్క మాట చేర్చి, పాత పేర్లను సరిచేసేసరికి రెండు రోజులు పట్టింది. మంచి ఫ్రేమ్‌వర్కు ఆ ఒక్క మాటను మొదటి రోజే చెప్పి ఉంచుతుంది.

ఇక్కడే ఇంకో చిక్కుముడి ఉంది. జాబితా ట్యాగు లోపల పెట్టే మాట, అప్పటికే తయారైన మరో ట్యాగు కావచ్చు. దాన్నీ శుభ్రం చేస్తే ట్యాగు ట్యాగులా పనిచేయక, బ్రాకెట్లతో సహా తెర మీద కనబడుతుంది. మనిషి రాసిన మాటను శుభ్రం చేయాలి, తాను పుట్టించిన ట్యాగును ముట్టుకోకూడదు. రెండూ అక్షరాల వరుసలే అయినప్పుడు తేడా ఎలా తెలియాలి? తాను పుట్టించిన ప్రతి ట్యాగు మీదా ఫ్రేమ్‌వర్కు ‘ఇది శుభ్రమైనది’ అని కంటికి కనబడని ముద్ర వేస్తుంది. ముద్ర ఉన్నదాన్ని వదిలేస్తుంది, లేనిదాన్ని శుభ్రం చేస్తుంది. అప్పటికి నలభై ఏళ్ళ కిందట కంప్యూటరు దగ్గర పోగొట్టుకున్న ఎర్ర సిరాను మళ్ళీ సంపాదించుకోవడమే ఇది. మాట వేరు, గుర్తు వేరు అన్న కంపోజిటరు చూపు యంత్రానికి అప్పుడు వచ్చింది.

మొదటి రోజుల్లో రెయిల్స్‌లో మాటను శుభ్రం చేయమని ప్రోగ్రామరే ప్రతిచోటా చెప్పాల్సి వచ్చేది. 2008 సెప్టెంబరులో జాంగో 1.0, 2010 ఆగస్టులో రెయిల్స్ 3 ఈ భారాన్ని తిరగేశాయి. చెప్పకపోతే శుభ్రం చేస్తాయి, వద్దనుకుంటేనే ‘సేఫ్’ అని చెప్పాలి. నా దృష్టిలో ఈ కథలో అసలైన ఆవిష్కరణ ఇదే. మనిషి మరిచిపోతాడు. మరిచిపోయినా కీడు జరగకుండా ఉండేలా అమర్చడం గొప్ప పని.

2013 మే నెలలో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ ఇంకో మెట్టు ఎక్కింది. జోర్డాన్ వాక్ రాసిన ఆ సాధనంలో ట్యాగు అక్షరాల వరుస కానే కాదు, కొమ్మలూ రెమ్మలూ ఉన్న చెట్టులాంటి అమరిక. అందులో మాట మాటగానే వేలాడుతుంది. శుభ్రం చేయకుండా ట్యాగులను పెట్టాలంటే వాడాల్సిన లక్షణం పేరులోనే ‘డేంజరస్‌లీ’ అన్న మాట ఉంది. రాసే చేతికి అక్కడ ఆగి ఆలోచించక తప్పదు.

తెలుగు పేజీ వెనకాల

ఇదంతా ఎక్కడో దూరాన జరిగిన సంగతి అనుకోనక్కర్లేదు. తెలుగు వికీపీడియాలో ఊళ్ళ పేజీలు తెరిచినప్పుడల్లా మన కళ్ళ ముందు జరుగుతున్నది ఇదే.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. మొదలుపెట్టింది వెన్న నాగార్జున. పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడే ఆ కాలంలో వాటిని యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఉపకరణాన్ని చేసిందీ ఆయనే. మా ప్రాంతం వాళ్ళకు డిసెంబరు 10 ఇంకో విధంగానూ గుర్తుండే తారీకు. 1955లో అదే రోజున నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు.

వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేర్ మీడియావికీ. జర్మనీకి చెందిన మాగ్నస్ మాన్‌స్కే పీహెచ్‌పీలో రాసిన రూపంతో 2002 జనవరిలో మొదలై, అదే ఏడాది జులైలో లీ డేనియల్ క్రాకర్ తిరగరాసిన రూపంతో నిలదొక్కుకుంది. అక్కడ రాసేవాళ్ళు ట్యాగులు రాయక్కర్లేదు. మాటకు అటూ ఇటూ రెండేసి సమానం గుర్తులు పెడితే శీర్షిక అవుతుంది, మూడేసి ఒంటి కొటేషన్లు పెడితే లావు అక్షరమవుతుంది. ఊరి పేజీలో కుడివైపు కనిపించే సమాచారపెట్టె కోసం మూస పేరు రాసి, జిల్లా, మండలం అంటూ విలువలు నింపితే చాలు. పట్టిక ట్యాగులన్నీ ప్రోగ్రామే వేసుకుంటుంది. ఊళ్ళ సంగతులు తెలిసిన టీచర్లు, రిటైరైన ఉద్యోగులు, విద్యార్థులు ట్యాగు మొహం చూడకుండానే వేల ఊళ్ళ గురించి రాయగలిగారంటే కారణం ఇదే. టిమ్ బెర్నర్స్-లీ మొదట తలచింది కూడా ఇదే కదా.

ఆ మీడియావికీ లోపల హెచ్‌టీఎంఎల్ అనే పేరుతోనే ఒక పనిముట్ల పెట్టె ఉంది. దాన్ని 2009లో ఆర్యే గ్రెగర్ చేర్చారు. అందులో ముఖ్యమైన ఫంక్షన్లు రెండు. ‘ఎలిమెంట్’ అన్నది లోపలి మాటను శుభ్రం చేసి ట్యాగు పుట్టిస్తుంది. ‘రా ఎలిమెంట్’ అన్నది లోపలిదాన్ని ముట్టుకోకుండా అలాగే పెడుతుంది. రా అంటే పచ్చిది. ఎవరైనా ఆ రెండో ఫంక్షన్ వాడితే, మార్పును సరిచూసే వాళ్ళ కన్ను మొదట అక్కడికే వెళ్తుంది. ఎవరైనా వచ్చి దిద్దగల వేదిక అది. వచ్చే ప్రతి మాటనూ నమ్మలేం, రావద్దని అననూ లేం. అలాంటి చోట కూడా ఊరి పేరు ఊరి పేరుగానే కనబడుతోందంటే కాపలా కాస్తున్నది ఇలాంటి చిన్న ఫంక్షన్లే.

మళ్ళీ కొట్టు దగ్గర

పైపుల పేర్లను గుమాస్తా పాత బిల్లుబుక్కులు ముందేసుకొని తిరిగి ఎక్కించాడు. నేను పక్కన కూర్చొని, అతికించిన ప్రతి ట్యాగునూ తీసేసి, ట్యాగు పుట్టించే ఫంక్షన్ ఒకటి రాసి దాని గుండా పంపాను. అది ముప్పై వరుసలు కూడా లేదు. సేటు ఒక్క మాటే అన్నాడు: “మేం ఎట్ల రాస్తే అట్లనే ఉండాలె తమ్మీ. నీ కంప్యూటరు కోసం మా రాత మార్చుకోం.”

ఈ శుభ్రం చేసే పనికి అంతకంటే సరైన నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. గుమాస్తాను అంగుళం గుర్తు మానేయమనడం తేలిక. అలా అడిగే హక్కు ప్రోగ్రామ్ రాసేవాడికి లేదు. మనిషి తన పేరులో, తన సరుకు పేరులో, తన ఊరి పేరులో ఏ అక్షరం పెట్టుకున్నా అది చెక్కుచెదరకుండా ఉండాలి.

హాలియా, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో చదువుకుంటూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న పిల్లలకు నాదొక మాట. ట్యాగును చేత్తో అతికించకండి, ఫ్రేమ్‌వర్కుకు అప్పజెప్పండి. ‘రా’, ‘సేఫ్’, ‘డేంజరస్‌లీ’ అన్న మాటలు మీ ప్రోగ్రామ్‌లో కనబడ్డ చోట ఆగి, అక్కడికి వచ్చే మాట ఎవరు రాసిందో ఒకసారి ఆలోచించండి. కొత్త ఫారం తయారయ్యాక అందులో మొదటి పేరుగా 4" పీవీసీ పైపు అని కొట్టండి. పక్కన హాలియా అని తెలుగులో రాయండి. సేవ్ చేయండి, మళ్ళీ తెరవండి, ఏమీ మార్చకుండా మళ్ళీ సేవ్ చేయండి. రెండోసారి తెరిచినప్పుడు కూడా పైపు పైపుగా, హాలియా హాలియాగా ఉంటేనే దాన్ని ఇంకొకరి కొట్టులో పెట్టండి.